గోడకు చెప్పిన పేరు

మా ఇంట్లో పసిబిడ్డకు పేరు పెట్టే పద్ధతి ఒకటుంది. పేరు తల్లిదండ్రులే అనుకుంటారు. అనుకున్నాక దాన్ని ఇంటి పెద్ద చెవిలో మాత్రం చెబుతారు. బాప్తిస్మం రోజున ఆ పెద్దమనిషి గుడిలో బాప్తిస్మపు రాతి తొట్టి దగ్గర బిడ్డను ఎత్తుకుని, చివరి బల్ల మీద కూర్చున్నవాళ్ళకు కూడా వినబడేలా పేరు పలకాలి. అప్పటిదాకా అది ఇంకెవరికీ తెలియకూడదు. మా అబ్బాయి పుట్టినప్పుడు మా మామగారు పలికారు. అప్పుడు తల్లిని నేనే కాబట్టి నాకు ఏ ఇబ్బందీ లేకపోయింది. ఇప్పుడు పుట్టింది మనవరాలు. కోడలు నా కళ్ళముందే తన మామగారి వైపు, అంటే మా ఆయన వైపు, వంగి చెవిలో ఏదో చెప్పింది. మా ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను ఉయ్యాల ఊపుతూ ఏమీ పట్టనట్టు కూర్చున్నాను గాని, లోపల ప్రాణం కొట్టుకులాడింది. పిల్లను అందరం చిట్టి అని పిలుస్తున్నాం.

అయితే అసలు చిక్కు నా ఆత్రం కాదు. పేరు తెలిసిన మనిషికి గొంతు లేదు.

మా ఆయన కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడేవారు. తెల్లారకముందే ఆయన కేక వేస్తే రెండు వీధుల అవతల టీ కాచుకునేవాళ్ళు మార్కెట్ తెరిచారని తెలుసుకునేవారు. అందరూ గంటాయన అనేవారు. గుడిలో ఆయన పాట ఎత్తుకుంటే, ఆర్గన్ వాయించే ఆయన నవ్వి, "మీరున్నప్పుడు నేను వాయించినా ఒకటే, మానినా ఒకటే" అనేవాడు. తర్వాత గొంతులో గడ్డ పుట్టింది. డాక్టర్లు తీసేశారు. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. ఊపిరితో చెప్పే మాట మాత్రం మిగిలింది. ఎదురుగా కూర్చుని పెదాలు చూస్తూ వింటే తెలుస్తుంది. పక్క గదిలోకి పోతే తెలియదు.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఒక ఆదివారం పాస్టరుగారు ఆయన్ని వాక్యం చదవమన్నారు. మంచి మనసుతోనే అన్నారు. మైకు తెచ్చి పెదాల దగ్గర పెట్టారు. మాటకు బదులు సౌండు పెట్టెల్లోంచి బుస వచ్చింది. ముందు బల్లల మీద పిల్లలు నవ్వారు. పిల్లలు కదా, నవ్వుతారు. ఆయన పుస్తకం మూసి వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆ తర్వాతి ఆదివారం నుంచి ఆరాధనకు రావడం మానేశారు.

కాని గుడి మానలేదు. అదే నాకు వింతగా ఉండేది. మామూలు రోజుల్లో, లోపల ఎవరూ లేనప్పుడు వెళ్ళేవారు. మొదట మా గుడి. తర్వాత పక్క పేటల్లో గుళ్ళు. ఆ తర్వాత గ్రంథాలయంలో పాత కట్టడాల పటం ఒకటి దొరికింది, దాన్ని పట్టుకుని చుట్టుపక్కల ఉన్న పాత గుళ్ళన్నీ చూడడం మొదలుపెట్టారు. నేనూ వెంట వెళ్ళేదాన్ని. లోపలికి అడుగు పెట్టగానే నేను మోకాళ్ళ మీద పడేదాన్ని, ఆయన తల పైకెత్తేవారు. నేను ప్రార్థన ముగించి కళ్ళు తెరిచేసరికి ఆయన ఇంకా కప్పు కేసే చూస్తూ ఉండేవారు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఏమండీ, మీరు వచ్చేది దేవుణ్ణి చూడ్డానికా, గోడల్ని చూడ్డానికా?"

ఆయన ఊపిరి కూడదీసుకుని చెప్పారు. "కట్టినవాళ్ళు ఎవర్ని చూడ్డానికి కట్టారు?"

అడిగినందుకు దేవుడికి క్షమాపణ చెప్పుకున్నాను గాని, ప్రశ్న మాత్రం పోలేదు.

బాప్తిస్మం దగ్గర పడ్డాక ఒక శనివారం మా తమ్ముడి కారులో బయల్దేరాం. మా తమ్ముడు డ్రైవింగ్ నేర్పుతాడు. వాడి కారుకు పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే ఆపడానికి. ఆ సీట్లో మా ఆయన కూర్చున్నారు. దూరంగా ఏదైనా పాత గోపురం కనబడితే "ఆపు" అనడానికి ఆయనకు గొంతు లేదాయె. బ్రేకు తొక్కేసేవారు.

"బావా, వెనక లారీ వస్తోంది. మనం గుడి చూడ్డానికి వెళ్తున్నామా, గుడిలో పెట్టెలో పడుకోబెట్టించుకోడానికి వెళ్తున్నామా?" అన్నాడు తమ్ముడు, మూడోసారి తల ముందుకు ఊగాక.

మా ఆయన నవ్వి, వాడి భుజం మీద చేయి వేసి దగ్గరకు లాగి ఏదో చెప్పారు. వాడి ముఖంలో నవ్వు పోయింది.

"ఏమంటున్నారు?" అన్నాను వెనక సీట్లోంచి.

"పేరు నన్ను పలకమంటున్నాడక్కా. పెద్దాయన పలకలేకపోతే బిడ్డ తండ్రికి మేనమామ పలకొచ్చట. ఇంటికి వెళ్ళేలోపు నా చెవిలో వేస్తాడట."

మా అబ్బాయికి వాడే మేనమామ. పద్ధతి ప్రకారం తప్పేమీ లేదు. అయినా నా మనసు ఒప్పుకోలేదు. పేరు ఇంకొకరి చేతికి ఇచ్చాక ఆ రోజున ఆయన గుడికే రారు. అది నాకు తెలుసు. మనవరాలి బాప్తిస్మానికి కూడా రానివారు ఇక ఏ ఆదివారం వస్తారు?

"నావల్ల కాదు బావా" అన్నాడు తమ్ముడు. "పొద్దస్తమానం క్లచ్చు, బ్రేకు అని అరిచే నోరు ఇది. అలవాటులో పిల్లకు గేరు పేరు పెట్టేస్తాను."

మా ఆయన తల అడ్డంగా ఊపి కిటికీలోంచి బయటికి చూశారు. మాట అయిపోయిందని దాని అర్థం.

మొదట చూసినది పెద్ద గుడి. లోపల కప్పు అంతా చెక్క. పడవను బోర్లించి గోడల మీద పెట్టినట్టు ఉంది. దూలాల మీద ఉలితో చెక్కిన గీతలు కనిపించాయి. కింద నేల మీద దూలాలన్నీ అమర్చి చూసుకుని, ఏది ఎక్కడ కూర్చోవాలో గుర్తుకు గీతలు పెట్టి, విడదీసి, పైకెక్కించి మళ్ళీ కలిపారని అక్కడి పలక మీద రాసి ఉంది. మా ఆయన మెడ పట్టేసేదాకా ఆ గీతలు లెక్కపెట్టారు. ఇంకో గుడిలో గోడ మధ్య తలుపు ఆకారంలో రాళ్ళు వేరే రంగులో ఉన్నాయి. ఒకప్పుడు ద్వారం, ఎందుకో మూసేశారు. గడపరాయి మాత్రం అలాగే ఉంది, మధ్యలో గిన్నెలా అరిగిపోయి. ఎన్ని కాళ్ళు నడిస్తే రాయి అరుగుతుంది, అంతమంది నడిచిన దారిని ఎవరు మూశారు, ఎందుకు మూశారు. నేను మోకరించిన దానికంటే ఆ గడప దగ్గర నిలబడింది ఎక్కువసేపు. మా ఆయన నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేశారు. నువ్వు కూడా గోడలు చూస్తున్నావే అన్నట్టు.

పొద్దు వాలేసరికి పటంలో చివరి చుక్క దగ్గరికి చేరాం. పొలాల మధ్య చిన్న రాతి గుడి. తాళం చెవి పక్కింటావిడ దగ్గర ఉంటుంది. ఆవిడే ఊడుస్తుంది, దీపాలు తుడుస్తుంది. మోచేతుల దాకా పిండితో వచ్చి తలుపు తీసింది.

లోపల బల్లలు లేవు. గోడల వెంబడి రాతి అరుగు ఒకటే ఉంది.

"అందరూ నిలబడే వినేవాళ్ళు. ముసలివాళ్ళు, రోగులు గోడవార అరుగు మీద కూర్చునేవాళ్ళు" అంది ఆవిడ.

నేను పైకి చూశాను. గోడల పైభాగంలో గుండ్రటి కంతలు వరసగా ఉన్నాయి. పావురాల కోసం పెట్టారనుకున్నాను.

"కంతలు కావమ్మా, కుండలు. గోడ కట్టేటప్పుడే మట్టికుండల్ని మూతి ఇటు పెట్టి లోపల ఇరికించేశారు."

"కుండలా? ఎందుకు?"

"మాట బాగా వినబడాలని అంటారు కొందరు. గోడ బరువు తగ్గాలని అంటారు ఇంకొందరు. పోయినేడు పరికరాలు పట్టుకుని ఇద్దరు వచ్చారు. కుండల వల్ల ఏమీ జరగట్లేదని ఒకాయన, జరుగుతోందని ఇంకొకాయన. ఇక్కడే పోట్లాడుకున్నారు. వాళ్ళ పోట్లాట మాత్రం మా వంటింట్లోకి కూడా వినబడింది."

తమ్ముడు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు గుడంతా తిరిగి వచ్చింది. మా ఆయన మాత్రం నవ్వలేదు. కుండల కేసి ఒకసారి చూసి, ఎదురు గోడలో ఉన్న గూడు దగ్గరికి నడిచారు. మనిషి నిలబడేంత గూడు అది. పైభాగం సగానికి కోసిన గుమ్మడికాయ లోపలివైపులా నున్నగా వంపు తిరిగి ఉంది. దాని ముందు రాతి తొట్టి, ఎండిపోయి, అడుగున బీట వారి.

తమ్ముడు కాళ్ళు చాపుకుంటానని ఆవిడతో పాటు బయటికి వెళ్ళాడు. నేను తలుపు పక్కన అరుగు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఇంటికి వెళ్ళేలోపు ఆయన మనసు మార్చమని ప్రార్థన మొదలుపెట్టాను.

అప్పుడు నా చెవి పక్కనే ఎవరో ఒక పేరు పలికారు.

ఆడపిల్ల పేరు. చాలా మెల్లగా, స్పష్టంగా. కాసేపాగి మళ్ళీ వినబడింది, ఈసారి కొంచెం సాగదీసి. దేవుడే మాట్లాడుతున్నాడని ఒక్క క్షణం నమ్మాను, దాచుకోవడం ఎందుకు. వెంటనే చిన్న దగ్గు కూడా వినబడింది. ఆ దగ్గు నాకు తెలుసు. మందులు నేనే ఇస్తాను.

కళ్ళు తెరిచి చూస్తే గుడి ఆ చివర ఆయన గూడు లోపలికి ముఖం పెట్టి, రాయి మీద అరచేయి ఆనించి నిలబడి ఉన్నారు. వీపు నా వైపు. కొత్త చొక్కా వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగినట్టు, ఆ పేరును ఒకసారి నెమ్మదిగా, ఒకసారి వేలంపాట వరసలో, ఒకసారి ప్రార్థనలా పలికి చూసుకుంటున్నారు. ఇంకొకరికి ఇచ్చేసే ముందు ఒంటరిగా తనివితీరా పలుకుదామని కాబోలు. అన్నీ నా చెవిలోనే పడుతున్నాయి.

చెప్పకపోతే పద్ధతి నిలబడుతుంది. చెబితే ఆయన నిలబడవచ్చు. ఎక్కువసేపు ఆలోచించలేదు. లేచి వెళ్ళి ఆయన చెవిలో ఆ పేరు చెప్పాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "కోడలు చెప్పిందా?"

"కోడలు చెబితే ఇన్నాళ్ళు ఉయ్యాల దగ్గర ఇలా అల్లాడతానా? మీరే చెప్పారు. అక్కడ కూర్చుంటే వినబడింది."

"ఒట్టిది."

"మూడు నాలుగు రకాలుగా పలికారు. వేలంపాట వరస మాత్రం బాగాలేదు, పిల్లను గంపలో పెట్టి అమ్మినట్టుంది."

ఆయన నన్ను చూశారు, తలుపును చూశారు. మధ్యనున్న దూరాన్ని కళ్ళతోనే కొలిచారు. తర్వాత నన్ను పక్కకు జరగమని, తమ్ముణ్ణి పిలిచి అరుగు మీద కూర్చోబెట్టమని సైగ చేశారు.

"ఏంటక్కా, ఇప్పుడే చెవిలో వేస్తాడా?" అంటూ వాడు వచ్చి కూర్చున్నాడు. మా ఆయన గూడు వైపు తిరిగారు. ఆయన పక్కనే నిలబడిన నాకు ఊపిరి కదిలిన చప్పుడే తెలిసింది. తలుపు దగ్గర తమ్ముడు మాత్రం ఎగిరిపడ్డాడు.

"బావా, నన్ను అమ్మేస్తున్నావా?"

"ఏమన్నారు?" అన్నాను.

"ముదిరిపోయిన బావమరిది ఒకటుంది, కొనేవాళ్ళెవరైనా ఉన్నారా అంటున్నాడు. మళ్ళీ అడుగు బావా, ఎవరూ ముందుకు రాలేదు."

ఆయన భుజాలు ఊగిపోయాయి. గొంతు లేని నవ్వు అంతే, చప్పుడు ఉండదు. ఆపరేషన్ తర్వాత ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

ఇక ఆయన్ని పట్టుకోవడం మా వల్ల కాలేదు. తమ్ముణ్ణి అరుగంతా జరిపి జరిపి కూర్చోబెట్టారు. గూడులోంచి ఒక అడుగు బయటికి వచ్చి పలికితే తలుపు దగ్గర ఏమీ లేదు. లోపల నిలబడితే ఉంది. కుండల కింద నిలబడి పలికితే లేదు. చివరికి తాళాలావిడను కూడా కూర్చోబెట్టి వినిపించారు. ఆవిడ తలూపింది.

"అయితే కుండలు కాదన్నమాట, గూడు. ఈసారి ఆ ఇద్దరూ వస్తే చెబుతాను." తర్వాత మా ఆయన ముఖం చూసి ఏదో అర్థమైనట్టు మెల్లగా అంది. "ఖాళీ గుడి వేరు బాబూ. జనం నిండితే వాళ్ళ బట్టలే మాటను తాగేస్తాయి."

తిరిగి కారెక్కాం. ఇంటి ముందు ఆపి తమ్ముడు చెవి ఒగ్గాడు. మా ఆయన ఆ చెవిలో ఉఫ్ అని ఊది దిగిపోయారు.

మా గుడిలో కూడా అలాంటి గూడు ఉంది. ఇన్నేళ్ళు దాన్ని చూడనే లేదు నేను. చూడడానికి వీల్లేకుండా దాని ముందు సౌండు పెట్టెల చెక్క బీరువా ఉంది. ఫొటోలు బాగా వస్తాయని తొట్టిని వేదిక దగ్గరికి ఎప్పుడో మార్చారు. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి బీరువా జరిపి తొట్టిని పాతచోట పెట్టాలని అడిగాను.

"మంచి మైకు కొత్తగా తెప్పించాను కదమ్మా."

"మైకు మంచిదే అయ్యగారూ. ఆయనకు సరిపడలేదు. ఆ గూడు కట్టినవాళ్ళు ఊరికే కట్టి ఉంటారా? ఒక్క రోజుకు వాళ్ళ మాట కూడా విని చూద్దాం."

ఆయన గడ్డం గోక్కున్నారు. "వినబడకపోతే?"

"వినబడకపోతే దేవుడికైతే వినబడుతుంది. చివరి బల్లకు, పేరు అప్పటికప్పుడు చెవిలో వేయించుకుని, మా తమ్ముడు పలుకుతాడు."

అలా అన్నాను గాని, ఆ మాట నాకే నచ్చలేదు.

ఆ ఆదివారం గుడి నిండిపోయింది. గంటాయన వచ్చాడని ఒకరికొకరు చెప్పుకున్నారు. తమ్ముడు చివరి బల్ల మీద, ఇద్దరు ముసలమ్మల పక్కన కూర్చున్నాడు. వినబడితే టోపీ తీస్తాడు. అదీ ఒప్పందం. నేను రెండో వరసలో పక్కకు తిరిగి వాడి టోపీ కేసే చూస్తున్నాను. ఆరాధనలో అలా వెనక్కి చూడడం తప్పే.

పాస్టరుగారు మైకు ఆపించారు. ఫ్యాన్లు ఆపించారు. కోడలు చిట్టిని మామగారి చేతుల్లో పెట్టింది. ఆయన గూడు ముందు నిలబడి జనం కేసి చూశారు. బతుకంతా వేలంపాట పాడిన మనిషి. జనానికి వీపు చూపిస్తే పాట పోతుందని ఆయనే చెప్పేవారు. ఆ అలవాటే ఇప్పుడూ ఆయన్ని అటు నిలబెట్టింది. ఛాతీ నిండా ఊపిరి పీల్చి పేరు పలికారు.

నాకు పెదాలు కదలడం కనిపించింది. టోపీ కదల్లేదు.

మళ్ళీ పలికారు. మెడ మీద నరాలు తేలాయి. ముందు బల్లల మీద పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాస్టరుగారు నా వైపు చూశారు. తమ్ముడు బల్ల మీద సగం లేచాడు, తన వంతు వచ్చిందేమోనని. లేచి గోడ వైపు తిరగండని చెబుదామని నోటిదాకా వచ్చింది. అంతమందిలో ఆయన తప్పును నేను దిద్దడమా? నోరు మూసుకుని, నా చెయ్యి మాత్రం ముందు బల్ల చెక్క మీద ఆనించాను, ఆ రోజు చిన్న గుడిలో ఆయన రాయి మీద ఆనించినట్టు.

చూశారో లేదో నాకు తెలియదు. తర్వాత అడిగినా చెప్పలేదు.

ఆయన జనానికి వీపు తిప్పారు. బిడ్డను గుండెకు ఆనించుకుని గూడు లోపలికి అడుగు వేశారు. ముఖం రాయికి దగ్గరగా పెట్టారు. నేను తమ్ముడి టోపీ మీదే చూపు నిలిపాను.

ఈసారి పేరు నాకు సరిగ్గా అందలేదు, నేను పక్కకు ఉన్నాను. కాని టోపీ లేచింది. తమ్ముడు దాన్ని తల మీంచి తీసి రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు, మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయి. వాడి పక్కనున్న ముసలమ్మ, చెవులు సరిగా పనిచేయని ఆవిడ, రెండో ఆవిడ మోచేతిని పొడిచి గట్టిగానే అడిగింది.

"ఎవరే అది, నా చెవిలో పేరు చెప్పింది?"

"గంటాయన."

"ఆయన అంత దూరాన ఉన్నాడు కదే." ఆ పేరును తన నోటితో ఒకసారి పలికి చూసుకుంది. "బాగుంది. పిలవడానికి బాగుంది."

గూడు ముందు మా ఆయన ఇంకా గోడ వైపే తిరిగి ఉన్నారు. భుజాలు ఊగుతున్నాయి. నవ్వో ఏడుపో వెనక నుంచి చెప్పలేం. చిట్టి మాత్రం ఆయన భుజం మీంచి తల పైకెత్తి కప్పు కేసి చూస్తోంది.